తాగని మనిషి కాలేయం

2007 జనవరిలో, చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరే రోజుల్లో, నా కళ్లు పచ్చబడ్డాయి. ఆ సంగతి ముందు కనిపెట్టింది మా ఇంట్లోవాళ్లు కాదు, డాక్టర్లూ కాదు. బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లులో, కాంటా దగ్గర నా పని. చెరుకు బండిని తూకానికి ఎక్కించాలి, తూకమయ్యాక దింపించాలి. సరిహద్దు అవతలి నుంచి బండి తోలుకొచ్చిన మరాఠీ రైతు ఒకాయన నా ముఖంలోకి పరీక్షగా చూసి, "భావూ, కావీళ్ ఝాలీ కా?" అన్నాడు. పచ్చకామెర్లా అని అడుగుతున్నాడు. నేను జవాబు చెప్పేలోగా పక్కనున్న హమాలీ ఒకడు అందుకున్నాడు.

"కామెర్లు ఊకెనె వస్తయా పటేలా? సీసాలకెల్లి వస్తయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పేరు దేవదానం. అప్పటికి నాకు నలభై దాటాయి. మాది మెథడిస్టు కుటుంబం. మా తాత మతం పుచ్చుకున్నప్పటి నుంచి కల్లు గానీ సారా గానీ మా గడప తొక్కలేదు. ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేది నేనే. నేను తాగనని ఆ హమాలీకి బాగా తెలుసు. అందుకే అందరికీ నవ్వొచ్చింది. నెల తిరిగేసరికి ఎవరూ నవ్వడం లేదు.

అంతకు ముందు జరిగింది చెప్పకపోతే ఇది అర్థం కాదు. 2006 వానాకాలంలో నా నడుము చుట్టూ అక్కి లేచింది. మంట తగ్గింది గానీ మనిషిని తగ్గిపోయాను. నోట్లో తెల్లటి పూత, అన్నం దిగదు. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో రక్తం తీసుకుని, మూడోసారి పిలిపించి, ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి హెచ్ఐవి అని చెప్పారు. చెప్పిన కౌన్సెలర్ అమ్మాయి చిన్నదే, మర్యాదగానే చెప్పింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"బయటి ఆడోళ్ల దగ్గరికి పోయినవా అన్నా?"

"లేదమ్మా."

"గల్ఫ్ పోయొచ్చినవా?"

"హైదరాబాదే సరిగ చూడలేదు."

"లారీల మీద తిరిగినవా?"

"లేదమ్మా, చెప్తున్న గదా."

ఆమె కలం పక్కన పెట్టి, "సిగ్గు పడకు. ఇయ్యాల కాకపోతె రేపు చెప్పు" అంది.

నాకు చెప్పడానికి ఒక్కటే ఉంది. అంతకు పదేళ్ల కిందట ఒక చెరుకు బండి బోల్తాపడి నా తొడ ఎముక విరిగింది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఆపరేషన్ చేశారు. చాలా రక్తం పోయింది, ఎక్కించాలన్నారు. అప్పట్లో రక్తం అమ్ముకునేవాళ్లు ఎదురుగా టీ కొట్టు దగ్గరే కూర్చుని ఉండేవారు. నా బావమరిది పోయి ఇద్దరిని పిలుచుకొచ్చాడు. వాళ్లలో ఒకడికి నా భార్య కరుణమ్మ తానే చాయ్ పోయించి, నా మొగణ్ణి బతికించినవని దండం పెట్టిందట. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "గట్ల గూడ కావొచ్చు" అంది. గొంతులో మాత్రం నమ్మకం లేదు.

కరుణమ్మ నమ్మింది. ఆమెకూ పరీక్ష చేశారు, ఏమీ లేదని వచ్చింది. తిరుగు బస్సు ఎడపల్లి దాటింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే, "గానికి నేను దండం పెట్టిన" అంది. నా వైపు తిరిగి, "ఈ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె. మీ అక్కకు గూడ వద్దు, మా తమ్మునికి గూడ వద్దు. బిడ్డకు అసలే వద్దు" అంది. మా రూతు అప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను సరేనన్నాను. ఆ సరేకి ఎంత పనిపడుతుందో మేమిద్దరం ఆలోచించలేదు.

దసరా సెలవులయ్యాక హెచ్ఐవి మందులు మొదలుపెట్టారు. నోటి పూత తగ్గింది, ఆకలి వచ్చింది. క్రిస్మస్‌కు కొత్త చొక్కా తొడుక్కుని హార్మోనియం ముందు కూర్చున్నాను. మళ్లీ మనిషినయ్యాను అనుకుంటూ ఉండగానే ఈ కామెర్లు.

ఆసుపత్రిలో హెచ్ఐవి మందులిచ్చే మా గది వరండా చివర ఉండేది. అక్కడ కూర్చునేవాళ్లు ఒకరినొకరు చూడనట్టు కూర్చునేవారు. మగవాళ్లు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఒకే ఊరివాళ్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు లేచి నల్లా దగ్గరికి పోయేవారు. అలాంటిచోట నాతో మొదట మాట్లాడిన మనిషి గంగామణి. కమ్మర్‌పల్లి దిక్కు, బీడీలు చుట్టే మనిషి. ముఖం దాచుకోవడం ఆమెకు చేతకాదు. నేను నిలబడలేకపోతున్నానని చూసి, తన చద్దిమూట ఒళ్లోకి తీసుకుని బెంచీ మీద జాగా ఇచ్చింది. "కూసో అన్నా. ఈడ నిలబడ్డా అదే నంబరు, కూసున్నా అదే నంబరు" అంది. జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. హెచ్ఐవి అని తెలిసి కూడా నాతో ఒక రొట్టె తిన్న మొదటి బయటి మనిషి ఆమె. ఆమెకూ అదే జబ్బు గనక తిన్నదని మీరనవచ్చు. ఆ వరండాలో ఉన్న అందరికీ అదే జబ్బు. ఇంకెవరూ పెట్టలేదు.

నా వంతు వచ్చింది. డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"రోజుకు ఎంత తాగుతవ్?"

తాగుతావా అని కాదు, ఎంత అని.

"తాగను సార్. మా ఇంటా వంటా లేదు."

"ఇక్కడికొచ్చే ప్రతి ఒక్కడూ గిదే మాట."

అన్యాయం చెప్పకూడదు, ఆయన పరీక్షలు రాశాడు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి ఉన్నాయేమో చూడమన్నాడు. వారం తర్వాత రెండూ లేవని వచ్చింది. ఆ లేవు అన్న మాట వినగానే నేను గుండె మీద చెయ్యి వేసుకుని దేవుణ్ణి స్తుతించాను. ఇంత మూర్ఖంగా నేను ఎన్నడూ ప్రార్థన చెయ్యలేదు. ఎందుకంటే ఆ మాటతోనే నాకు ఇంక వేరే దారి లేకుండా పోయింది.

"బి లేదు, సి లేదు" అన్నాడు డాక్టరు. "హెచ్ఐవి గోలీలతోటి కాలేయం కొంచెం దెబ్బతింటది గానీ ఇంత కాదు. ఇంక మిగిలింది ఏంది? నువ్వే చెప్పు."

"నాకేం తెలుసు సార్."

"నాకు తెలుసు. గోలీలు ఆపుతున్న. తాగుడు బంద్ చేసి రా. ఒక్కనివి కాదు, ఇంట్లోవాళ్లను తీసుకుని రా. వాళ్లు చెప్తేనే మళ్ల మొదలుపెడత."

బయట గేటు దాకా రోగులున్నారు. నా వెనక మనిషి అప్పటికే లోపలికి వచ్చి నిలబడ్డాడు.

ఆ చలికాలం ముగిసి ఎండలు వచ్చేదాకా ఎలా గడిచిందో తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా అవుతుంది. హెచ్ఐవి సంగతి ఊరికి తెలియదు. కామెర్లు మాత్రం ఊరందరికీ కనిపిస్తున్నాయి. మా బావమరిది నన్ను సిరికొండ దగ్గర పసరు పోసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఆకు నూరబోయే ముందు వంగి నా నోరు వాసన చూశాడు. "ఇయ్యాల తాగలేదు, మంచిదే. ఇంక ముట్టొద్దు" అన్నాడు. బావమరిది తల వంచుకున్నాడు.

ఒకరోజు లోపలి గదిలో పడుకుని ఉన్నాను. పక్కింటావిడ వాకిట్లోకి వచ్చి కరుణమ్మను అడుగుతోంది.

"మీ ఆయన మందు తాగుతడట గదా కరుణా? మేమైతె నమ్మలేదు."

కరుణమ్మ లేదంటుందని ఎదురుచూశాను. ఆమె నిట్టూర్చింది.

"ఏం జెయ్యమంటవ్ వదినా. మిల్లుల దోస్తులు మంచోళ్లు కారు."

ఆవిడ వెళ్లిపోయాక నేను లేచి కూర్చున్నాను. "ఏందే గది? నేనెప్పుడు తాగిన?"

కరుణమ్మ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. గొంతు తగ్గించింది. "తాగుబోతు అంటె నాల్గొద్దులు అంటరు, మరిచిపోతరు. గా రోగం పేరు బయటికొస్తె మన బిడ్డ తాగిన గిలాస గూడ ముట్టరు. అననియ్యి. నీకు ఏం పాయె?"

నాకు ఏం పోయిందో ఆమెకు చెప్పలేకపోయాను. తాగుబోతు మొగుడున్న ఆడదాన్ని నలుగురూ జాలిగా చూస్తారు, పెరుగు గిన్నె పంపుతారు. హెచ్ఐవి ఉన్నవాడి భార్యను బావి దగ్గరికి రానివ్వరు. ఆమె లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో నేను లేను, అంతే.

పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. వాక్యం చదివారు, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "కొన్నాళ్లు హార్మోనియం దగ్గర కూర్చోకండి దేవదానం గారూ. పిల్లలు చూస్తుంటారు కదా" అన్నారు. ఇరవై ఏళ్లుగా నేను కూర్చున్న చోటు అది. నేను తాగలేదు అయ్యగారూ అన్నాను. ఆయన ఎంతో దయగా నవ్వి నా భుజం తట్టారు. ఆ దయకన్నా చెంపదెబ్బ నయం.

వీటన్నిటినీ నేను మింగాను. మింగలేనిది ఒకటి ఉంది. ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం నేను బజారు నుంచి వస్తే, చేతిలో సంచీ అందుకుంటూ కరుణమ్మ ఒక్క క్షణం నా ముఖానికి దగ్గరగా వంగింది. గాలి పీల్చింది. మరునాడూ అంతే. తర్వాత ఒకరోజు నా సైకిలు సంచీలో చెయ్యి పెట్టి తడుముతుంటే చూశాను. నేను తాగనని ఈ భూమ్మీద ఖాయంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అబద్ధమని తెలిసీ నలుగురితో ఆ మాట అని అని, చివరికి తానే నమ్మసాగింది. ఆ రోజు నుంచి ఇంట్లోకి రాగానే ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి. దాంతో ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

కామెర్లు వాటంతట అవే తగ్గాయి. కానీ మందులు లేని ఒళ్లు మళ్లీ జారిపోయింది. జ్వరం, విరేచనాలు. నోట్లో పూత తిరిగి వచ్చింది. చొక్కా నా మీద కాదు, కొంకి మీద వేలాడుతున్నట్టుండేది. ఒకరోజు ఆసుపత్రి వరండాలో గంగామణి నన్ను చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కోపం చేసింది.

"గోలీలు ఎందుకు వేస్కుంటలేవు?"

చెప్పాను. తాగుడు మానేశానని ఇంట్లోవాళ్లు వచ్చి చెబితేనే ఇస్తారట, అసలు తాగనివాణ్ణి మానేశానని ఎట్లా చెప్పను అన్నాను.

"నన్ను గూడ గా డాక్టరే బీడీలు తాగుతవా అని అడిగిండు, దగ్గొస్తుందని" అంది. "చేస్త గానీ తాగ సార్ అన్న. నమ్మలే. ఇగ బంద్ జేసిన సార్ అన్న. సంతోషపడ్డడు. నీకు పానం కావాల్నా, మాట కావాల్నా అన్నా?"

ఆ వారమే కరుణమ్మను తీసుకుని వెళ్లాను. డాక్టరు ఎదుట ఇద్దరం నిలబడ్డాం.

"ఏమ్మా, మానేసిండా?"

"మానేసిండు సార్" అంది కరుణమ్మ. ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుంటోంది. "నా బిడ్డ మీద ఒట్టు. ముడుతలేడు."

"ఎప్పటిసంది?"

ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. దేవుని మందిరంలో పుట్టి పెరిగినవాణ్ణి. అబద్ధ సాక్ష్యం పలకకూడదని మా రూతుకు ఊయలలోనే నేర్పినవాణ్ణి.

"మీరు చెప్పిన దినంసంది ముట్టలేదు సార్" అన్నాను.

డాక్టరు ముఖం వికసించింది. "శభాష్. గట్లుండాలె మనిషంటె" అన్నాడు. నన్ను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఒక మందు మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ గోలీలు చేతిలో పట్టుకుని బయటికొచ్చి, నల్లా దగ్గర నిలబడి ఏడ్చాను. ఏడ్చింది సంతోషంతో అని కరుణమ్మ అనుకుంది.

మందులు పనిచేశాయి. 2008 వచ్చేసరికి బరువు పెరిగాను, మిల్లులో పూర్తి షిఫ్టు చేస్తున్నాను. కానీ కాలేయం పరీక్ష చేసిన ప్రతిసారీ చెడుగానే వచ్చేది. డాక్టరు చూసి తల ఊపాడు. "మళ్ల మొదలుపెట్టినవా?" ఆ రోజు కరుణమ్మ నా పక్కనే ఉంది. నేను ఆమె వైపు తిరిగాను. ఆమె కళ్లలోనూ అదే ప్రశ్న. ఆ గదిలో ఇద్దరు మనుషులు నన్ను ఒకే చూపు చూస్తున్నారు. గోలీలు మళ్లీ ఆపుతారేమోనన్న భయం కూడా ఆ చూపు ముందు చిన్నదైపోయింది.

ఆపలేదు. ఆ తర్వాతి నెల ఆయన సెలవులో ఉన్నాడు. ఆయన కుర్చీలో వేరే డాక్టరమ్మ ఉంది. ఆమెకు నా మీద ప్రత్యేకమైన దయ ఏమీ లేదు, టీ చల్లారిపోతోందని విసుక్కుంటోంది కూడా. కానీ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?"

తల ఊపాను.

"సి పరీక్ష ఎప్పుడు చేశారు? హెచ్ఐవి బాగా ముదిరి ఉన్నప్పుడా?" అంది. అప్పుడు వివరంగా చెప్పింది. మామూలు పరీక్ష ఆ క్రిమిని వెతకదట. క్రిమి మీద మన ఒళ్లు తయారుచేసే ప్రతిరక్షకాలను వెతుకుతుందట. ఒళ్లు మరీ నీరసించి ఉంటే అవి తయారు కాకపోవచ్చు, అప్పుడు జబ్బు ఉన్నా లేదని రావచ్చు. "ఇప్పుడు బలం వచ్చింది కదా, మళ్లీ చేయిద్దాం. వస్తే, క్రిమినే చూసే పరీక్ష హైదరాబాదులో చేయించుకోవాలి."

మళ్లీ చేశారు. ఈసారి ఉందని వచ్చింది. హైదరాబాద్ పోయి రెండో పరీక్షా చేయించాం. అక్కడి ఆసుపత్రి హాలులో, ఫ్యాన్ల కింద, కుర్చీల వరుసలో కూర్చుని ఉండగా పిలిచి చెప్పారు. హెపటైటిస్ సి. ఎన్నో ఏళ్లుగా ఉండి ఉంటుందన్నారు. హెచ్ఐవి వచ్చిన దారినే వచ్చిందా అంటే, అయి ఉండవచ్చు, గట్టిగా చెప్పలేం అన్నారు. ప్రాణాంతకమైన జబ్బు ఇంకొకటి ఉందని విని సంతోషపడిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను ఆ రోజు సంతోషపడ్డాను.

కరుణమ్మ ముఖం చేతుల్లో దాచుకుంది. "నీ మూతి వాసన సూసిన" అంది.

"తెలుసు" అన్నాను.

"దినాం సూసిన."

"తెలుసు."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క కుర్చీలో ఎవరో ముసలామె నీళ్ల సీసా అందించింది. నేను ఓదార్చలేదు. ఓదార్చి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపించదు. ఇప్పుడు మేం మంచిగానే ఉన్నాం. ఆమె నాకు వేళకు గోలీలు అందిస్తుంది, నా పథ్యం వండుతుంది. ఆ హాలు గురించి ఇద్దరం మాట్లాడుకోం.

సి జబ్బుకు ఏడాది పాటు వారం వారం సూదులు వేయాలన్నారు. అది మాలాంటివాళ్లకు అందే వైద్యం కాదు. హెచ్ఐవి మందులు వదలకు, కాలేయాన్ని కనిపెట్టి ఉండు, అలా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు అన్నారు. నెట్టుకొస్తున్నాను. నిజామాబాద్‌లో మా పాత డాక్టరు ఆ ఫలితం చూసి, "అట్లనా" అన్నాడు. కాగితం తిరిగి ఇస్తూ, "ఏమైనా మందు జోలికి పోకు" అన్నాడు. గంగామణికి ఈ సంగతి చెప్పాలని వరండాలో ఎన్నో వారాలు వెతికాను. చివరికి కౌన్సెలర్ అమ్మాయిని అడిగితే, వేరేవాళ్ల విషయం చెప్పకూడదన్నా అంది. ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది గనక ఇంక అడగలేదు.

ఊళ్లో నా పేరు మాత్రం బాగుపడలేదు. సి జబ్బని చెబితే ఎట్లా వచ్చిందని అడుగుతారు, రక్తమంటే మిగతాది తవ్వుతారు. అందుకని తాగుడు మానేసిన దేవదానంగానే మిగిలాను. 2009 ఈస్టరుకు పాస్టరు అయ్యగారు నన్ను లేపి, వ్యసనం నుంచి దేవుడు ఎలా విడిపించాడో సాక్ష్యం చెప్పమన్నారు. ఆడవాళ్ల వైపు కరుణమ్మ, ఆమె పక్కన రూతు. చనిపోవలసినవాణ్ణి బతికి ఉన్నాను, స్తోత్రం అని మాత్రం చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

ఆరాధనయ్యాక గేటు దగ్గర ఒకామె తన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మిల్లులోనే చెరుకు దింపే మనిషి. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నోరు గుప్పుమంటోంది.

"అన్నా, నువ్వెట్ల బంద్ జేసినవో జెర ఈయనకు చెప్పు."

నేను అతని కళ్లలోకి చూశాను. "నీకెప్పుడన్నా రక్తం ఎక్కించిన్రా తమ్మీ?"

ఇద్దరూ తెల్లబోయారు. "కడుపు ఆపరేషనప్పుడు ఎక్కించిన్రు" అన్నాడతను.

"రక్తంతోటి ఏం పని అన్నా? తాగుడే గదా" అంది ఆమె.

"తాగుడే కావొచ్చమ్మా. తాగేటోనికి వేరే రోగం రావద్దని ఏమన్న ఉన్నదా?"

ఆ వారంలోనే అతన్ని నిజామాబాద్ తీసుకువెళ్లాను. ఓపీలో ఆ రోజు మా డాక్టరే ఉన్నాడు. అతన్ని చూశాడు, వాసన తగిలింది, మానేసి రా పో అని చెయ్యి ఊపాడు. నేను కదలలేదు.

"సార్, సి పరీక్ష రాయుండ్రి. లేదని వస్తె మళ్ల ఒకసారి చేయిస్త. హెచ్ఐవి గూడ చూడుండ్రి."

ఆయన తలెత్తాడు. రోజుకు వందమందిని చూసే మనిషి, నన్ను గుర్తుపట్టలేదు. "నువ్వెవరు చెప్పేటందుకు?"

"మీ దగ్గర తాగుడు మానేసినోణ్ణి సార్" అన్నాను.

ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. పరీక్షలు రాశాడు.